క్షమించు అధికార మెవ్వరిది?

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు దారిలో నల్లరేగడి చేల నడుమ నుండు పల్లెలలో ఒకే గోడను పంచుకొని నిలిచిన యిండ్లు తఱచుగా కనబడును. ఒక యింటి దీపపు వెలుగు రెండవ యింటి పెరటిలో పడును. చేలయందును వారి గట్టొక్కటియే. ఇట్టి రెండు కుటుంబములను మనస్సున నుంచుకొని యీ విషయమును విచారింతము. ఒకనాడు గట్టు తగవులో ఒక యింటివాని చేతిదెబ్బచే రెండవ యింటి కుమారుడు మరణించెననుకొనుడు. చంపినవాడు శిక్ష ననుభవించి వృద్ధుడై తిరిగివచ్చెను. చనిపోయినవాని తల్లి యింకను జీవించియున్నది. గోడ యట్లే యున్నది. ఇరువది సంవత్సరములుగా ఒక యింటివా రొక యింటివారితో మాటలాడలేదు. ఇప్పుడు మనుమలు ఒకే బడికి పోవుచు, పెద్దలకు తెలియకుండ స్నేహితులైరి. ఆ ముసలితల్లి పగవాని యింటి బిడ్డకు మజ్జిగ పోయవచ్చునా? పోసినయెడల తన కుమారునికి ద్రోహము చేసినదగునా? చేసిన దోషమును క్షమించు అధికార మసలు ఎవ్వరిది?

ఈ ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానమును మొదట చూతము. నరహత్యకు శిక్ష విధించుచుండిన భారత శిక్షాస్మృతి 302వ సెక్షను స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత 103వ సెక్షను వచ్చినది. పేరు మాఱినను మూలసూత్రము మాఱలేదు. ఏయే నేరములను పక్షములవారు రాజీచేసికొనవచ్చునో తెలుపు పట్టికలో నరహత్య నాడును లేదు, నేడును లేదు. గాయపడినవాడు చిన్న దెబ్బను క్షమించి రాజీపడవచ్చును. అతడు మరణించినచో, రాజీకి తగిన నేరములయందు మాత్రము, న్యాయస్థానము వారి యనుమతితో అతని వారసులు రాజీపడవచ్చును. ప్రాణము పోయినప్పుడు మాత్రము ఆ వ్యాజ్యెము కుటుంబముది కాక సర్వజనులది యగును. ఇది న్యాయమే. ఏలయన, హత్యకు వెల కట్టి కొనుగోలు చేయు అవకాశమున్నచో ధనవంతులకు మాత్రమే క్షమ దొరకును.

అయినను చట్టము మూసిన తలుపును మనము దొడ్డిదారిన తెఱచుచున్నాము. ఈ మాట నితరులను నిందించుటకు వ్రాయుట లేదు. నా దోషమును ముందుగా నొప్పుకొందును. న్యాయవాదవృత్తిలో నడుగిడిన తొలిదినములలో, ఇట్టి యొక వ్యాజ్యెమున ఉభయపక్షముల పెద్దలు కూర్చున్న రాజీసభలో నేనును కూర్చుంటిని. కొంత సొమ్మును, కొంత పొలమును నిర్ణయింపబడెను. సాక్షులు "మాకేమియు తెలియదు" అని చెప్పిరి. వ్యాజ్యెము కూలిపోయెను. ఊరిలో శాంతి నెలకొన్నదని అందఱును మమ్ము మెచ్చుకొనిరి. ఆ సభకు చనిపోయినవాని భార్యను ఎవ్వరును పిలువలేదు. పిలువవలెనని నాకును తోచలేదు. కొన్ని మాసముల తరువాత ఆమె కచ్చేరి మెట్లమీద నన్ను చూచి, "అయ్యా, నా మొగుని మీరంతా మన్నించినారంట గదా" అని మాత్రము అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. నేటికిని లేదు. ఆ నాటి సిగ్గునుండి పుట్టినదే యీ వ్యాసము.

మనము మూడు వేఱువేఱు వస్తువులను ఒక్క పేరున పిలుచుటచే నీ భ్రాంతి కలుగుచున్నది. రాజీ యనగా నుభయపక్షముల బలాబలములను తూచి, ఇక పోరాడిన నష్టమని యాగుట. మఱపు అనగా కాలము మనస్సున దుమ్ము కప్పుట. ఈ రెండింటికిని సత్యముతో పనిలేదు. క్షమయొక్క స్వభావ మిట్టిది కాదు. "నీవు చేసినది దోషము, అది నాకు తెలియును, నీకును తెలియును, అయినను నీయెడల నా హృదయమున ద్వేషమును పోషింపను" అని చెప్పుట క్షమ. దోషమును దోషమని పేర్కొననిచోట క్షమకు తావే లేదు. అబద్ధసాక్ష్యముమీద నిలిచిన శాంతి, పునాది లేని గోడవంటిది. తొలి వానకు కూలును.

ఇక మన ప్రశ్నకు వత్తము. చంపబడినవానికి బదులుగా నితరు లెట్లు క్షమింతురని కొందఱు బుద్ధిమంతు లాక్షేపింతురు. ఈ యాక్షేపణ బలమైనది. ఒక హత్యయందు ఒక్క అపరాధము కాదు, మూడపరాధము లున్నవి. మొదటిది చనిపోయినవానియెడల జరిగినది. వాని యాయువు తీసికొనబడెను. రెండవది తల్లియెడల, భార్యయెడల, బిడ్డలయెడల జరిగినది. వారి కన్నకొడుకును, అన్నదాతను, తండ్రిని హరించుట జరిగెను. మూడవది సంఘముయెడల జరిగినది. మూడవదానిని న్యాయస్థానము చూచుకొనును. మొదటిదానిని క్షమించు అధికారము ఏ మానవునికిని లేదు. దానిని సర్వేశ్వరునికి విడువవలసినదే. రెండవది మాత్రము ఆ తల్లిది, ఆ భార్యది, ఆ బిడ్డలది. తమ భాగమును క్షమించుటలో వారు మృతునికి ద్రోహము చేయుట లేదు. తమ సొంత సొత్తును తాము విడుచుచున్నారు. అదే కారణముచే వారి భాగమును కులపెద్దగాని, గ్రామపెద్దగాని, న్యాయవాదిగాని వారికి మాఱుగా విడువజాలడు.

ఈ ధర్మసూక్ష్మము మన భాగవతమునందే యున్నది. నిద్రించుచున్న ద్రౌపది కుమారుల నైదుగురను అశ్వత్థామ చంపెను. అర్జునుడు వానిని కట్టి తెచ్చి యామె యెదుట నిలిపెను. భీముడు చంపుమనెను. ఆమెయో, తాను కుమారులకై యేడ్చుచున్నట్లు వీని తల్లి కృపి యేడువరాదని, విడువుమని వేడుకొనెను. ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. క్షమించినది గర్భశోకము ననుభవించిన తల్లి. ఆమెకు మాఱుగా పలికినవారు లేరు. మఱియు నామె క్షమించినను దండన తప్పలేదు. శిరోమణి పోయెను, శిరోజములు పోయెను, శిబిరమునుండి వెడలగొట్టబడెను. క్షమయు శిక్షయు పరస్పరవిరోధులు కావని యిందువలన తేటపడుచున్నది.

క్షమించిన దుష్టుడు మఱింత చెడునుగదా యని మఱియొక యాక్షేపణ. నిజమే. విడువబడిన అశ్వత్థామయే పిమ్మట ఉత్తర గర్భముపై బ్రహ్మాస్త్రము ప్రయోగించెనని భాగవతమే చెప్పుచున్నది. క్షమించినంతమాత్రమున ఎదుటివాడు మంచివాడగునని యెవ్వరు చెప్పినను నమ్మరాదు. క్షమించువా డెదుటివానికి పూచీపడుట లేదు. తన హృదయమునకు మాత్రము పూచీపడుచున్నాడు. కాపలా కాయవలసినచోట కాపలా కాయవచ్చును, వ్యాజ్యెము వేయవలసినచోట వేయవచ్చును. ద్వేషమును మాత్రము వారసత్వముగా బిడ్డలకు పంచియీయరాదు.

ఈ వారసత్వ మెట్టిదో మన ప్రాంతమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. దేవనకొండ మండలమునందలి కప్పట్రాళ్ల కక్షలలో 2008 మే మాసమున ఒక్కనాడే 11 మంది హతులైరి. 2014లో ఆదోని న్యాయస్థానము పలువురకు యావజ్జీవశిక్ష విధించెను. చట్టము తన పని తాను చేసెను. తీర్పు వెలువడిన మఱునాడు ఉదయమున ఆ యూరి వీథులలో నెదురుపడిన స్త్రీలు ఒకరినొకరు పలుకరించుకొనవలయునా వలదా యన్న సంగతి ఏ తీర్పునందును వ్రాయబడదు. పిమ్మట జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన ఆకే రవికృష్ణ ఆ గ్రామమును దత్తత తీసికొని, పాఠశాల మొదలగు వసతులకై శ్రమించెను. ఒక రక్షకభటాధికారి పగను మాన్పుటకు బడియొద్ద ప్రారంభించుట యుచితమే. తాతల పగ మనుమలకు సంక్రమించు ద్వారమును మూయవలసిన చోటు బడియే.

దేవరగట్టున దసరా రాత్రి జరుగు బన్ని యుత్సవమును చూచినవా రెఱుగుదురు. మాళమల్లేశ్వరుల విగ్రహములకై పలుగ్రామములవారు కఱ్ఱలతో తలపడుదురు. ఏటేట తలలు పగులును. అయినను కఱ్ఱ పట్టుటకు ముందు నెరణికి, కొత్తపేట మొదలగు గ్రామములవారు పాలు ముట్టి బాస చేసికొను నాచారము కలదు. పగను విడుతుమని ప్రమాణము చేయుట మనవారికి తెలియని విద్య కాదు. ఒక్క రాత్రికి చేయు బాసను జన్మకాలమునకు చేయుట యెట్లన్నదే ప్రశ్న.

ఐరోపాఖండమున కొసోవో దేశమున ఇట్టి బాస యొకటి జరిగెను. అచ్చటి పూర్వాచారము ప్రకారము రక్తమునకు రక్తము తీయుట కుటుంబధర్మముగా నుండెను. దానిచే పలువురు పురుషులు గడప దాటక యిండ్లలోనే దాగియుండిరి. 1990లో జానపద సాహిత్యవిద్వాంసుడగు అంతోన్ చెత్తా యనువాడు విద్యార్థులతో గూడి యింటింటికి నడచి, చంపబడినవారి కుటుంబములను వేడుకొనెను. ఆ సంవత్సరము మే 1న వెర్రాత్ ఎ లూకెస్ అను మైదానమున గొప్ప జనసమూహము నెదుట అనేక కుటుంబములవారు చేయి చాచి రక్తమును క్షమించితిమని పలికిరి. ఆ యుద్యమమున సుమారు వేయి కక్షలు సమసెనని చెప్పుదురు. ఆ విద్వాంసుడు తానెవ్వరిని క్షమింపలేదు. క్షమింపవలసినవారి గడపకు పోయి యడిగెను. నేనాడు రాజీసభలో చేయవలసియుండి చేయనిపని యదియే.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. అడుగుట వేఱు, ఒత్తిడి చేయుట వేఱు. "ఇంకెన్నాళ్లమ్మా యీ పట్టుదల" అని ఊరంతయు కలిసి యొక విధవను వేధించినచో, అది రెండవ హింస. క్షమింపకుండుటకు స్వేచ్ఛ లేనివారి క్షమ, క్షమ కాదు. అంతకంటె ఘోరమైనది, రెండిండ్ల పగను చల్లార్చుటకై ఒక బాలికను పగవారి యింటికి కోడలిగా నిచ్చుట. పాకిస్తానమున స్వారా, వనీ అను పేర్లతో సాగుచుండిన యీ దురాచారమును 2011లో చేసిన చట్టము శిక్షార్హముగా జేసినది. పేరేదైనను, నేరము చేయని బాలికచే పెద్దల నేరమునకు ఋణము తీర్పించుట ధర్మమని యే శాస్త్రమును, ఏ మనస్సాక్షియు నొప్పదు. రెండిండ్ల యువతీయువకులు తమంతట తాము ప్రేమించి పెండ్లాడగోరిన యెడల మాత్రము, తాతల నెత్తురును చూపి వారి నడ్డగించుటకును మనకు హక్కులేదు. పాపము ఆస్తివలె దాయభాగముగా వచ్చునది కాదు.

కావున క్షమకు క్రమమొకటి కలదు. దోషి ముందుగా సత్యము చెప్పవలయును. వాడే మొదట గడప దాటి రావలయును. క్షమించువారిని తన యింటికి రప్పించుకొనరాదు. పోయిన ప్రాణమునకు వెల లేదని యెఱిగియే, అనాథలైన బిడ్డల చదువునకు, పోషణకు తోడ్పడవలయును. అంతయు నైన తరువాత సమాధానము రాకున్నను వేచియుండవలయును. ఇరువది సంవత్సరములైనను వేచియుండవలయును.

మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరున మగ్గము తెలియని యిల్లరుదు. నేయుచుండగా పడుగుపోగు తెగినచో నేతగాడు మగ్గము నాపి, తెగిన కొనలను వెదకి, ముడివేసి మరల నేయును. ముడి గుడ్డలో నుండిపోవును. వ్రేలితో తడవిచూచిన తగులును. అందుచే గుడ్డ పనికిరానిది కాదు. తెగిన పోగును తెగినట్లే వదలి నేసినయెడలనే అది చినుగును.

ఆ ముసలితల్లి మజ్జిగ పోయునో పోయదో యామెయే నిర్ణయింపవలయును. పోసినను కుమారునికి ద్రోహము కాదు. పోయకున్నను పాపము కాదు. మిత్రులారా, మనలో చదువుకొన్నవారము, పదిమందిలో మాట చెల్లువారము, ఇకమీదట నిట్టి సభలలో కూర్చుండునప్పుడు మొట్టమొదట అడుగవలసిన దొక్కటియే: ఎవరి దుఃఖమును మనము పరిష్కరింపబూనుచున్నామో, వారిని పిలిచితిమా? పిలిచి, వారు పలుకువఱకు మనము మౌనముగా నుంటిమా? ఆ మౌనమునందే సర్వేశ్వరుని న్యాయము మనకు వినబడగలదు.