యోగ్యులైన అంధులు

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో అంధుల పింఛను ఓటర్లు ఓటు వేసి తెచ్చినది. ప్రభుత్వపు డబ్బును విడి వ్యక్తులకు ఇయ్యరాదని అక్కడి రాజ్యాంగములో నిషేధముండెను. 1916లో ఓటర్లు ఒక సవరణను ఆమోదించి, అంధుల పింఛనుకు ఆ అడ్డు తొలగించారు. 1920లో మరల ఓటు వేసి, అందుకొరకే ఒక పన్నును తమపై తామే విధించుకొన్నారు. వంద డాలర్ల ఆస్తి విలువకు అర సెంటుకు తగ్గకుండ, మూడు సెంట్లకు మించకుండ ఏటేట వసూలు చేయవలెను. వెయ్యి డాలర్ల విలువ కట్టిన ఇంటికి ఎక్కువలో ఎక్కువ ముప్పది సెంట్లు, అంతే. 1921లో పింఛను చట్టము వచ్చినది.

అయితే ఆ సవరణలో అంధులకు ముందు ఒక విశేషణము పెట్టారు. దానిని తెలుగులో "అర్హులైన" అనవలెనా, "యోగ్యులైన" అనవలెనా? ఇంగ్లీషులో ఒక్క మాటే రెండింటికి సరిపోవును. మనకు మాత్రము అవి వేరు. అర్హత కాగితము మీద తేలును: చూపు ఎంత, వయస్సు ఎంత, ఆస్తి ఎంత. యోగ్యత తేల్చవలెనంటే మనిషి నడతను తూచవలెను. మిస్సోరి చట్టము రెండును అడిగినది. అంధుడు సత్ప్రవర్తన గలవాడై యుండవలెనన్నది. బహిరంగముగా బిచ్చమెత్తువానికి పింఛను లేదన్నది. 1945లో రాజ్యాంగమును తిరిగి వ్రాసినప్పుడు కూడ ఆ విశేషణమును తీయలేదు.

బిచ్చము మాన్పించుటకే గదా పింఛను అని కొందరనవచ్చును. అందులో న్యాయము లేకపోలేదు. పన్ను కట్టినవాడు, పింఛను పుచ్చుకొన్నవాడే వీధిలో చేయి చాచగా చూచి నొచ్చుకొనుట సహజమే. కాని ఆ పింఛను చాలక చేయి చాచినవాని సంగతి ఏమి? చాలలేదని నలుగురిలో చెప్పుకొనుటయే అతనికి ముప్పు! ఊరికి రోడ్డు వేయించుకొన్న రైతును, సర్కారు బడికి బిడ్డలను పంపిన తండ్రిని నీ నడత ఎట్టిదని ఎవరును అడుగరు. అదియు పన్ను డబ్బే. చూపు లేనివానిని మాత్రము అడుగుట మాకు సమ్మతము కాదు. సహాయనిధి పంచు ప్రతి బల్లయొద్ద ఈ ప్రశ్న ఉన్నదే. అడుగుట ఎంత సులభమో, జవాబు చెప్పుట అంత కష్టము.

ఇట్లని ఆ ఓటర్లను తక్కువ చేయము. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టము వచ్చి, అంధుల సహాయమునకు కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు డబ్బు ఇయ్యసాగెను. అయితే అవసరమును బట్టియే ఇయ్యవలెనని షరతు. 1939 సవరణలు ప్రతివాని రాబడిని, ఆస్తిని లెక్కలోనికి తీసికొనవలెనని స్పష్టము చేసినవి. మిస్సోరి పింఛను అందరికి ఒకే మొత్తము. ఒక్కొక్కని లేమిని కొలిచి అంత మేరకే ఇచ్చు పద్ధతికి ఆ రాష్ట్రము తన పింఛనును మార్చుకొనలేదు. 1950లో కాంగ్రెసు ప్రత్యేక వీలు కల్పించువరకు కేంద్రపు డబ్బు లేకుండనే, ఆ సెంట్ల పన్నుతోనే పింఛను నడిపించుకొన్నది.