హ్యాండిల్ మీద ఆప్తుడెవరు?

గోస్పాడు నుంచి నంద్యాలకు పోవడానికి దోవ చూపే యంత్రం ఎవరికీ అక్కర్లేదు. కోయిలకుంట్ల రోడ్డు ఎక్కితే చాలు, పసిపిల్లవాడైనా చెప్పగల దారి అది. అవసరం కార్తీకమాసంలో వస్తుంది. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులను పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకే లోపల దర్శించి రావడం ఆ ప్రాంతపు ఆచారం. ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్టణంలోనే ఉన్నాయి. సూర్యనంది తమ్మడపల్లెలో, శివనంది బండి ఆత్మకూరు వైపు కడమలకాల్వలో ఉన్నాయి. మహానంది, దాని పక్కనే గరుడనంది, వినాయకనంది, ఇంకాస్త అవతల కృష్ణనంది నల్లమల అంచున ఉన్నాయి. పట్టణపు సందులు, కాలువ కట్టలు, పొలాల మధ్య రోడ్లు, అడవి మొదలు, అన్నీ ఒక్క పగటిలో తిరగాలి. కొత్త బండి కొన్న కుర్రాడు హ్యాండిల్ మీద ఒక దోవ చూపే పరికరం బిగించుకోవాలనుకునేది ఇలాంటప్పుడే.

అంగట్లో అతనికి మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది, జేబులో ఉన్న ఫోనునే క్లాంపుతో బిగించడం. గూగుల్ మ్యాప్స్ ద్విచక్రవాహనాల కోసం ప్రత్యేక దారి చూపడం మొదలుపెట్టింది మన దేశంలోనే, 2017 డిసెంబరులో. ఖర్చు లేని మార్గం, కానీ ఎండకు తెర మసకబారుతుంది, వానకు వేలు పనిచేయదు. పైగా బండి ఇంజను అదురు ఎక్కువైతే ఫోను కెమెరా పాడయ్యే ప్రమాదం ఉందని 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. రెండోది, బండితో పాటే వచ్చే చిన్న తెర. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020 నవంబరులో మీటియర్ 350తో తెచ్చిన ట్రిప్పర్ అలాంటిది. ఫోనుతో బ్లూటూత్ ద్వారా కలిసి, తర్వాతి మలుపు ఎటో, ఎంత దూరమో బాణం గుర్తుతో చూపిస్తుంది. మూడోది, మోటారు సైకిళ్ల కోసమే చేసిన విడి పరికరం. గార్మిన్ జూమో ఎక్స్‌టీ 2020లో వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 500 డాలర్లు. ఐదున్నర అంగుళాల తెర, గ్లౌజులతో తాకినా పలుకుతుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడదు, పటాలన్నీ లోపలే ఉంటాయి.

ధర, తెర, బ్యాటరీ గురించి అంగటివాళ్లు బాగానే చెబుతారు. వాళ్లు చెప్పని ప్రశ్న ఒకటుంది. అది మన తర్కశాస్త్రం అడిగే ప్రశ్న: ఈ యంత్రం చెప్పే మాట ఏ రకం ప్రమాణం?

న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంటుంది. కంటితో చూడటం ప్రత్యక్షం. పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం అనుమానం. పోలికను బట్టి తెలుసుకోవడం ఉపమానం. నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకోవడం శబ్దం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతోనే ఈనాటికీ తర్కం చదివే విద్యార్థులు మొదలుపెడతారు. అందులో ఆప్తుడికి ఇచ్చిన నిర్వచనం చాలా చిన్నది: ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఇంకొంచెం విప్పి చెప్పాడు. విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. ఆ కాలంలో అది సాహసమైన మాట. దోవ అడిగేటప్పుడు కులగోత్రాలు పనికిరావు. కుందూ నది గట్టున గొర్రెలు తోలుకుపోయే మనిషి, నిన్న ఆ వంక దాటివచ్చాడు గనుక, పండితుడి కంటే పెద్ద ఆప్తుడు.

ఇప్పుడు హ్యాండిల్ మీది తెరను చూద్దాం. దాని మీద కనిపించేవి ముఖ్యంగా రెండు. ఒకటి బండి ఉన్న చోటును చూపే చుక్క. రెండోది ఆ చుక్క కింద ఉన్న గీత, అంటే రోడ్డు. రెండూ ఒకే తెర మీద, ఒకే రంగుల్లో వస్తాయి గనుక రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయని మనసు నమ్మేస్తుంది. అసలు సంగతి వేరు. చుక్క అనుమానం. గీత శబ్దం.

చుక్క అనుమానం ఎలాగంటే, ఉపగ్రహాలు చోటును చెప్పవు. అవి సమయాన్ని మాత్రమే చెబుతాయి. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తూ, తాము ఎక్కడున్నదీ, తమ గడియారంలో ఎంతైందీ నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ కబురు నేలకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, కాంతి వేగంతో గుణించి, కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలను కలిపి చూస్తే పరికరానికి తన చోటు తెలుస్తుంది. పొగను బట్టి నిప్పును తేల్చినట్టే ఇది ఆలస్యాన్ని బట్టి చోటును తేల్చడం. సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు దారి తప్పుతుంది. ఎత్తున గురుత్వం తక్కువ గనుక ఉపగ్రహపు గడియారం మన గడియారం కంటే రోజుకు సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనక్కి పోతుంది. నికరంగా మిగిలే 38 మైక్రోసెకన్లను సరిదిద్దకపోతే ఒక్క రోజులో లెక్క పది కిలోమీటర్లు తప్పుతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం అక్కరకొచ్చేది ఇక్కడే.

మన సొంత వ్యవస్థ నావిక్‌దీ ఇదే సూత్రం. దాని మొదటి ఉపగ్రహం శ్రీహరికోట నుంచి 2013 జులై 1న పైకి లేచింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్లాక దానికి నావిక్ అని పేరు పెట్టారు. తర్వాత కథ అంత సాఫీగా సాగలేదు. మొదటి ఉపగ్రహంలోని పరమాణు గడియారాలు చెడిపోయాయి. దానికి బదులుగా 2017 ఆగస్టులో పంపినది ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2018 ఏప్రిల్‌లో ఇంకొకటి పంపాల్సి వచ్చింది. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశంలో తయారైన రుబిడియం గడియారం ఉంది. గడియారం చెడితే ఉపగ్రహం ఆకాశంలో ఉన్నా లేనట్టే. హేతువు చెడితే అనుమానం నిలవదని తార్కికులు అన్నది అక్షరాలా ఇదే. కాబట్టి పరికరం కొనేవాడు అది ఒక్క జీపీఎస్‌నే వింటుందా, నావిక్, గెలీలియో లాంటి ఇతర ఉపగ్రహ వ్యవస్థలను కూడా వింటుందా అని అడగడం సమంజసం. సాక్షులు ఎక్కువైతే చుక్క గట్టిపడుతుంది, ముఖ్యంగా నల్లమల లోయల్లో ఆకాశం సగమే కనిపించే చోట.

అయినా చుక్కతో వచ్చే చిక్కు తక్కువే. ప్రాణాల మీదికి తెచ్చేది గీత.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు సగం కూలిన వంతెన మీది నుంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు దోవ చూపే యాప్‌ను నమ్ముకుని వెళ్తున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఉపగ్రహాలు ఆ రోజు ఏ తప్పూ చేయలేదు. కారు వంతెన మీదే ఉందని చెప్పింది నిజం. అబద్ధమైంది వంతెన. అంతకు ముందు వచ్చిన వరదలోనే దాని ముందుభాగం కొట్టుకుపోయింది. పటంలో మాత్రం అది నిలిచే ఉంది. ఎవరో ఎప్పుడో చూసి చెప్పిన మాట, చెప్పినప్పుడు నిజమే, ఇప్పుడు నిజం కాదు. గోస్పాడు చుట్టుపక్కల వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయంలోకే నీళ్లు వచ్చాయి, కుందూ పొంగి ఊళ్లను చుట్టేసింది. చప్టా పక్కన నిలబడిన రైతు 'వంక పారుతాంది, అట్ల పోవద్దు నాయనా' అంటాడు. తెర మీద ఆ చప్టా మీదుగా నీలిరంగు గీత నిశ్చింతగా సాగిపోతుంటుంది.

మరి మనిషి గీతను అంతగా ఎందుకు నమ్ముతాడు? దీనికి జవాబు మీమాంసకుల దగ్గర దొరుకుతుంది. వేదం అపౌరుషేయమని, దానికి కర్త లేడని, కర్త లేడు గనుక కర్త వల్ల వచ్చే దోషాలూ లేవని వాళ్ల సిద్ధాంతం. మరపు, మోసం, అజ్ఞానం మనుషులకుంటాయి. మనిషే లేని మాటకు అవి ఎక్కడివి? వేదం విషయంలో ఆ వాదాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, బండి మీది గొంతుకు దాన్ని వర్తింపజేయడం పెద్ద ప్రమాదం. జరుగుతున్నది మాత్రం అదే. 'రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి' అనే గొంతుకు ముఖం లేదు, ఊరు లేదు, తడబాటు లేదు. అందుకే అది తప్పు చెప్పదనిపిస్తుంది. రైతు చెప్పేటప్పుడు తల గోక్కుంటాడు, 'నేను పోయి నెలైంది' అంటాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. ఆ సందేహమే అతని మాటకు విలువ. యంత్రం మాట వెనకా మనుషులే ఉన్నారు. రోడ్డును కొలిచినవాళ్లు, ఆకాశచిత్రం చూసి గీత గీసినవాళ్లు, పేరు తప్పుగా టైపు చేసినవాళ్లు. అది నూటికి నూరుపాళ్లు పౌరుషేయం.

జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, బాధకం, అంటే దాన్ని కాదనే ఆధారం, ఎదురైతేనే దాన్ని వదలాలని మీమాంసకులు అన్నారు. అది నిజమో కాదో వేరే ఆధారంతో తేల్చుకోవాలని, నీళ్లనుకున్న చోటికి పోయి దాహం తీరితేనే అవి నీళ్లని నైయాయికులు అన్నారు. బండి నడిపేవాడికి రెండూ కావాలి. ప్రతి మలుపులోనూ ఆగి పరీక్షించేవాడు నవనందులను నవమాసాలకైనా ముగించలేడు, కనుక మొదట నమ్మాల్సిందే. కానీ నీటి దగ్గర, రాత్రి దగ్గర, అడవి దగ్గర నైయాయికుడిగా మారాలి. ఆ మూడు చోట్లా తప్పు తేలేది మునిగాకే.

దోవ చెప్పడమంటే ఏమిటో ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఒక కథ ఉంది. గాంధార దేశపు మనిషి ఒకణ్ణి కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి జనంలేని చోట వదిలేశారు. దిక్కు తెలియక అరుస్తున్న అతనికి ఎవరో గంతలు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉంది, ఇటు పొమ్మన్నారు. అతను ఊరి నుంచి ఊరికి అడుగుతూ, తెలివిని వాడుకుంటూ తన దేశం చేరాడు. గురువు ఉన్నవాడి సంగతీ ఇంతేనని ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పాడు. విప్పినవాడు చేయి పట్టుకుని నడిపించలేదు, ప్రతి మలుపూ చెప్పలేదు. దిక్కు చూపాడు, చూపు ఇచ్చాడు. మిగతా దారి అడగడం వల్ల, ఆలోచించడం వల్ల నడిచింది.

ఈ కథ చదివి పరికరాల దగ్గరికి వస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. బాణం మాత్రమే చూపే తెర గంతలు విప్పదు. లండన్‌లోని సోహో వీధుల బొమ్మలతో హ్యూగో స్పియర్స్ బృందం 24 మంది మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. దారిని సొంతంగా వెతుక్కునేటప్పుడు, కొత్త వీధిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ మెదడులో హిప్పోకాంపస్, ముందుభాగం చురుగ్గా కదిలాయి. యంత్రం చెప్పినట్టు నడిచేటప్పుడు ఆ కదలిక కనిపించలేదు. కాబట్టి పెద్ద పటం చూపే పరికరం మేలు. ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టుకోగలగాలి, వెనక్కి జరిపి చూస్తే ఇటు కుందూ, అటు నల్లమల ఒకే చూపులో కనపడాలి. బాణం చూడటం తేలిక, రోడ్డు మీంచి కన్ను తిప్పక్కర్లేదు అన్న వాదన బలమైనదే. భద్రత చిన్న విషయం కాదు. దానికి ఉన్న దారి, బయల్దేరే ముందు పటం మొత్తం చూసుకుని, నడిచేటప్పుడు బాణం చూసుకోవడం. రెండూ ఇచ్చే పరికరం దొరికితే ఎక్కువ పెట్టి కొన్నా తప్పులేదు. అంత డబ్బు లేనివాడు ఫోనులోనే పటాన్ని ముందుగా దించుకుని, దాన్ని జేబులో పెట్టుకుని, ఆగినప్పుడు చూసుకుంటే కెమెరా దక్కుతుంది, చూపూ దక్కుతుంది.

ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోయేవాడికి ఇది మరీ ముఖ్యం. నవనారసింహ క్షేత్రాల్లో కొన్నిటికి రోడ్డుంది, కొన్నిటికి లేదు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి, ఉగ్రస్తంభానికి బండి పోదు. రాళ్ల మీదుగా, ఏటి పక్కగా కాలినడకే. హిరణ్యకశిపుడు తన కొడుకును 'నీ దేవుడెక్కడ?' అని అడిగింది చోటు గురించిన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబుగా స్వామి వెలువడిన స్తంభం ఈ ఉగ్రస్తంభమేనని భక్తుల నమ్మకం. అక్కడికి పోయేవాళ్లు కింది నుంచే దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుంటారు. ఫోను సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహాల చుక్క తెర మీద ఉంటుంది. ఏ రాయి జారుతుందో, ఏటిలో నీళ్లు ఎంత ఉన్నాయో చుక్కకు తెలియదు. వాత్స్యాయనుడి రెండు లక్షణాలూ ఆ స్థానికుడిలో ఉన్నాయి: నేరుగా ఎరుగును, చెప్పాలన్న కోరిక ఉంది.

అంగట్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. ఈ పటం ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు? చాలా పరికరాలకు ఈ జవాబు తెర మీద దొరకదు. కంపెనీలు ప్రతి రోడ్డు పక్కనా దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ వేయాలి, కనీసం వంతెనల దగ్గర, చప్టాల దగ్గర. మందు సీసా మీద తేదీ వేయించుకున్న దేశం ఈ పాటి అడగవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంది. దానిలోని ప్రతి గీతకూ దాన్ని గీసిన ఖాతా పేరు, మార్చిన తేదీ, పాత రూపాలు అన్నీ నమోదై ఉంటాయి. ఓఎస్‌ఎమ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఆ పటాన్నే నెట్ లేకుండా ఫోనులో చూపిస్తాయి. ఎవరైనా ఖాతా తెరిచి తాము చూసినదాన్ని అందులో చేర్చవచ్చు. గోస్పాడు కుర్రాడు కుందూ చప్టా వానాకాలంలో మునుగుతుందని ఒక సాయంత్రం కూర్చుని అందులో రాస్తే, వచ్చే కార్తీకానికి ఎక్కణ్ణుంచో వచ్చే బండివాడికి ఆ మాట, రాసిన తేదీతో సహా, అందుబాటులో ఉంటుంది.