గోనెలలో పండ్లు



వేసవి సెలవులలో మన హనుమాన్ జంక్షన్ కూడలిలో కొంతసేపు నిలిచి, బస్సు దిగువారిని చూచిన చాలును, ఎవరు ఎవరి బిడ్డలో పోల్చుకొనవచ్చును. బెజవాడనుండి గన్నవరము మీదుగా వచ్చువారు, ఏలూరునుండి వచ్చువారు, గుడివాడ వైపునుండి వచ్చువారు ఇక్కడనే దిగి నూజివీడు బస్సు కొరకు కనిపెట్టుదురు. కూడలిలోని ఆంజనేయస్వామి గుడినిబట్టి ఈ చోటికి ఆ పేరు వచ్చినది. రైలులో వచ్చువారికి ఇంకొక వింత కలదు. స్టేషను బోర్డు మీద నూజివీడు అని యుండును గాని, స్టేషను ఉన్నది జంక్షన్‌లోనే; నూజివీడు చేరుటకు ఇంకను దాదాపు 20 కిలోమీటర్లు పోవలెను. క్రొత్త అల్లుండ్లు ఇక్కడ తికమకపడుట మనకందరికి తెలిసినదే. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జిల్లాలను మార్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోనికి పోయెను, జంక్షన్ కృష్ణా జిల్లాలోనే నిలిచెను. చుట్టరికములను మాత్రము ఎవరును విడదీయలేదు.

మే నెల ఆదివారములలో మన దేవాలయములు నిండియుండును. హైదరాబాదు బిడ్డలు, బెంగుళూరు బిడ్డలు అమ్మమ్మల ప్రక్కను చాపలమీద కూర్చుండి, ఉక్కకు ఓర్వలేక కాగితములతో విసరుకొనుచుందురు. జూన్ నెల రెండవ వారములో బడులు తెరచు వేళకు ఆ చాపలు ఖాళీయగును. మిగిలినవారు తలలు నెరసినవారే. ఈ నెల వారిని గూర్చియే ధ్యానింపగోరుచున్నాము.

మన ప్రాంతపు తలిదండ్రులు ప్రేమను నోటితో చెప్పరు; పండ్లు దాచిపెట్టుదురు. చిక్కముతో కాయను దింపి, సొన అంటకుండ తొడిమతో కోసి, వరిగడ్డి పరచి మాగవేయుదురు. అంగడికి పోవు కాయకు ఏ మందు చల్లినను, మనుమలు తినబోవు కాయకు చల్లరు. బంగినపల్లి కొన్ని దినములు ఆగును. చిన్నరసము ఆగదు, మాగిన రెండు మూడు దినములలో తినవలెను, లేకున్న చెడును. తల్లి ప్రతి ఉదయమున గడ్డి తీసి, ఒక్కొక్క పండును మెల్లగా ఒత్తి చూచి, మరల కప్పును. అంతలో ఫోను వచ్చును: ‘అమ్మా, ఈసారి సెలవు దొరకలేదు, పండ్లు ఎవరితోనైన పంపించు.’ తండ్రి అట్టపెట్టె కట్టి, జంక్షన్‌కు మోసికొని వచ్చి, బస్సు ఎక్కించి పోవును. సెలవు నిజముగా దొరకని బిడ్డలు కలరు. కువైటులోను కర్మాగారములలోను పనిచేయువారి ఇబ్బంది మేమెరుగుదుము. వారిని నిందించుట మా తాత్పర్యము కాదు. అయితే సెలవు దొరికియు, నాలుగు సంవత్సరములుగా పెట్టెలు మాత్రమే తెప్పించుకొనుచున్న ఇండ్లును కలవు.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి పెట్టె ఒకటి కలదు. ఆదికాండము 43వ అధ్యాయము చదువుడి. కనాను దేశములో కరవు భారముగా ఉన్నది. ఇంట ధాన్యము లేక కుమారులను రెండవమారు ఐగుప్తునకు పంపుచు, యాకోబు ఊరక పంపలేదు. తన దేశపు తేనె కొంచెము, బోళము కొంచెము, బాదము కాయలు కొన్ని గోనెలలో పెట్టించెను. తినుటకు లేనివాడు ధాన్యపు కొట్లు గలవానికి కానుక పంపుచున్నాడు! ముసలితనపు ఇచ్చివేత అట్టిదే. ఆ కానుక పోయి చేరినది తన సొంత కుమారుని యొద్దకే యని అతడెరుగడు.

గోనెలు విప్పి కానుకను యోసేపు ఎదుట ఉంచిరి. తన బాల్యమునాటి దేశపు వాసన ఆ తేనెలోను ఆ బోళములోను ఉండియుండును గదా. అతడు వాటిని మెచ్చుకొనినట్లు అక్కడ వ్రాయబడలేదు. అతడు అడిగినది ముసలితండ్రిని గూర్చి, అతడు బ్రదికియున్నాడా, కుశలమా యని. పండ్ల పెట్టె అందుకొనిన మన బిడ్డలు ఏమి అడుగుచున్నారు? ‘రసాలు ఇంక లేవా’ అని అడుగువారిని మేము వినియున్నాము.

తరువాత 45వ అధ్యాయములో యోసేపు బండ్లు పంపెను. కుమారులు వచ్చి యోసేపు బ్రదికియున్నాడని చెప్పినప్పుడు యాకోబు నమ్మలేదు. మాటలు అతని హృదయమునకు చాలలేదు. వాకిట నిలిచిన బండ్లను కన్నులార చూచినప్పుడే అతనికి ప్రాణము లేచి వచ్చెను. ఫోనులో ‘బాగున్నావా నాన్నా’ అని దినదినము అడుగుట మంచిదే. కాని మన పెద్దలును యాకోబు వంటివారే, బండి చూడవలెను.

తలిదండ్రులను పట్టణమునకు తీసికొనిపోవువారు మరియొక సంగతి గమనింపవలెను. యాకోబు బయలుదేరెనే గాని భయపడెను. బెయేర్షెబాలో దేవుడు అతనికి ధైర్యము చెప్పవలసి వచ్చెను. 130 సంవత్సరముల కాపరిని యోసేపు రాజనగరులో కూర్చుండబెట్టలేదు. తనకు సమీపమున, మందలు మేయుటకు తగిన గోషెనులో ఉంచెను. మామిడితోటలో తిరిగిన మనిషిని అయిదవ అంతస్తు గదిలో తాళము వేసి ఉద్యోగమునకు పోవుటకును, దీనికిని ఎంత భేదమున్నదో చూడుడి. ఇక చెట్లు లెక్కపెట్టి తోట పంచుకొనిన అన్నదమ్ములు తల్లిని కూడ నెలకొక ఇంట వంతులు వేసికొనుట మన పల్లెలలోనే చూచుచున్నాము. ఆమె తన గుడ్డల మూటను నెల మొదట ఒక గుమ్మమునుండి మరియొక గుమ్మమునకు మోయుచున్నది. అట్టివారు దేవాలయమునకు పంకాలు కానుక ఇచ్చినను, మార్కు సువార్త 7వ అధ్యాయములో కొర్బానును గూర్చి ప్రభువు పరిసయ్యులతో పలికిన కఠినమైన మాట వారికి తగులును.

యోసేపు పదునేడేండ్లవాడై యుండగా ఇంటనుండి వేరుపడెను. యాకోబు ఐగుప్తులో బ్రదికిన కాలమును 17 సంవత్సరములే. తండ్రి తన్ను పెంచినన్ని యేండ్లు అతడు తండ్రిని పోషించెను.

కడపట, తండ్రికి జబ్బుగా ఉన్నదని యోసేపునకు కబురు వచ్చెను. దేశమంతటి పరిపాలన తనమీద ఉన్నను, అతడు ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వెళ్లెను. వారు వచ్చిరని వినగానే ముసలివాడు బలము తెచ్చుకొని మంచముమీద లేచి కూర్చుండెను. కూర్చుండి పాత సంగతులు చెప్పనారంభించెను: లూజులో దేవుడు కనబడుట, దారిలో రాహేలు చనిపోవుట, ఎఫ్రాతా మార్గమున ఆమెను పాతిపెట్టుట. రాహేలు యోసేపునకు తల్లి. ఆ సంగతి అతడెరుగనిది కాదు. ఇది మునుపే చెప్పితివి గదా నాన్నా అని అతడు అనినట్లు ఎక్కడను లేదు. మనష్షే, ఎఫ్రాయిములును ప్రక్కనే ఉండిరి.