తూటా తగలని వీరుడు

ఈ రోజు ఆయుధం పట్టినవాడి పేరు దేశమంతా మోగుతుంది, ఆయుష్షు మాత్రం కొద్దే. ఐర్లండ్ పురాణగాథలో కాథ్‌బద్ అనే జ్ఞాని తన శిష్యులకు చెప్పిన జోస్యమిది. చాటుగా విన్న బాలుడు కుహులిన్ పరుగున వెళ్లి రాజును ఆయుధాలడిగాడు. చివరి యుద్ధంలో ఒళ్లు చీలిపోయినా, నిలబడే చావాలని ఒక నిలువురాతికి తనను తానే కట్టుకున్నాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటుకు గుర్తుగా డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయంలో పెట్టింది ఈ మరణ దృశ్యాన్నే, ఓలివర్ షెపర్డ్ చేసిన కంచు విగ్రహంగా.

తూర్పు కనుమలు తమ వీరుల నుంచి కోరుకున్నది వేరు.

1900లో విశాఖ ఏజెన్సీలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య తాను పాండవుల్లో ఒకడి అవతారమని, తన పసికొడుకు శ్రీకృష్ణుడని చాటాడు. వెదురుకర్రలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయని చెప్పాడు. వేలమంది నమ్మి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. చేతిలో వెదురు తప్ప ఏమీ లేనివాడు తుపాకి ఎదుట నిలబడాలంటే ముందుగా దేన్నో ఒకదాన్ని నమ్మాలి కదా!

రెండు దశాబ్దాల తర్వాత అల్లూరి సీతారామరాజు గురించీ మన్యం అదే నమ్మింది: ఆయనకు తూటా తగలదు. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను చెట్టుకు కట్టి కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. అయినా రాజు తప్పించుకున్నాడనే మాట చాలాకాలం బతికింది.

భక్తి నిండిన మాటే. కానీ తూటా తగలనివాడు చేసిన త్యాగమేమిటి? మహాభారతం ఈ చిక్కును ఎరుగును. కర్ణుడి కవచకుండలాలు పుట్టుకతో వచ్చినవి, వాటిలో అతని గొప్పేమీ లేదు. వాటిని కోసి ఇంద్రుడికిచ్చిన క్షణం నుంచే అతను మనకు దగ్గరయ్యాడు. రాజు చేతలూ అటే మొగ్గుతాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆపైన రాజవొమ్మంగి ఠాణాల మీద పడి ఆయన పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలు. మంత్రంతో పని జరుగుతుందనుకునేవాడు వాటికోసం ప్రాణాలొడ్డడు. తనవాళ్ల ఒంట్లోకి తూటా దిగుతుందని ఆయనకు తెలుసు.

రాజు అనుచరుడు గాం గంటందొరకు కూడా తెలుసు. నాయకుడు కూలిన తర్వాతా లొంగిపోకుండా, మరుసటి నెల జూన్‌లోనే పోరులో చనిపోయాడు. తమ్ముడు మల్లుదొర జైలుపాలయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు.