కురారై ఇసుకలోని విమానము



మృతులను ఏమి చేయవలెనో మనకు తెలియును. ప్రార్థన చేసి, కీర్తన పాడి, భూమికి అప్పగింతుము. వారు వాడిన వస్తువులను ఏమి చేయవలెనో మాత్రము మనకు అంత తేటగా తెలియదు. తండ్రి చేతికఱ్ఱ మూలనుండును. దానిని పారవేయుటకు మనసొప్పదు, పట్టుకొని నడచుటకును మనసొప్పదు. ఈ చిన్న చిక్కును గూర్చి నేను చాలకాలము ఆలోచించితిని. నా ఆలోచనకు దారి చూపినది దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు అడవులలో ఒక నదియొడ్డున ముప్పది యెనిమిది సంవత్సరములు మరుగైయుండిన ఒక చిన్న విమానపు సంగతి.

ఆ విమానమునకు పైపర్ ఫ్యామిలీ క్రూజర్ అని పేరు. అమెరికాలో పైపర్ కంపెనీవారు 1948, 1949 ప్రాంతమున మాత్రమే దానిని చేసిరి. అన్నియు కలిపి రెండువందల నలుబదికి లోపే. నలుగురు కూర్చుండుటకు చోటు. సన్నని ఉక్కు గొట్టములను అతికి చట్రము కట్టి, దానిమీద గుడ్డను లాగి, ఆ గుడ్డ బిగుసుకొనునట్లు లేపనము పూయుదురు. మన పిల్లలు చేసికొను గాలిపటమువంటిదే అనుకొనుడి. అయితే దీని ముందర నూట పదునైదు గుఱ్ఱముల బలముగల ఇంజను ఉండును. రెక్కలు పైన ఉండుటచేత పొదలకు తగులవు. బరువు తక్కువగనుక కొద్దిపాటి నేల దొరికిన చాలును, దిగును, లేచును. రోడ్డులేని అడవులలో పనిచేయువారికి ఇది కోరదగినది.

ఈ జాతి విమానములు నేటికిని కొన్ని ఎగురుచున్నవి. అలాస్కావంటి అరణ్యప్రదేశములలో వాటికి మిక్కిలి మక్కువ. గుడ్డ పాతదైన క్రొత్త గుడ్డ వేయుదురు, ఇంజను అరిగిన మరియొకటి అమర్చుదురు. ఏబది, డెబ్బది సంవత్సరములు గడచుసరికి మొదటి దినమున ఉన్నదానిలో ఎంత మిగులునో చెప్పలేము. అయినను కాగితములలో అది అదే విమానము. నేను సెమినరీలో చదువుచుండగా మాకు తత్త్వశాస్త్రము బోధించిన అయ్యగారు ప్రాచీన గ్రీకుల ప్రశ్న ఒకటి అడిగిరి: తీసియస్ అనువాని ఓడలో పలకలన్నియు ఒక్కొక్కటిగా మార్చివేసిన తరువాత అది అదే ఓడయా? మాలో రైతుబిడ్డ ఒకడు లేచి, "మా తాతగారి నాగలిని మేము ఇంకను దున్నుచున్నామండి, మేడి మా నాయన మార్చెను, కఱ్ఱు నేను మార్చితిని" అనెను. తరగతియంతయు నవ్వెను. అయ్యగారు మాత్రము నవ్వలేదు. "దున్నుచున్నావు కదా" అనిరి. ఆ మాట నేను మరువలేదు.

నేను చెప్పదలచిన విమానమునకు 5156 హెచ్ అని సంఖ్య. రేడియోలో దానిని "56 హెన్రీ" అని పిలిచెడివారు. దానిని నడిపినవాడు నేట్ సెయింట్. 1948లో భార్యతోకూడ ఈక్వడార్ వచ్చి, షెల్ మేరా అను చోట కాపురముండెను. ఆ సంవత్సరము ముగియకమునుపే మరియొక విమానము కూలి అతని వెన్నెముక విరిగినను, తిరిగి అదే పనికి వచ్చెను. అడవులలోని మిషనరీలకు మందులు, ఆహారము, ఉత్తరములు చేర్చుట అతని నిత్యకృత్యము. కాలినడకను దినములు పట్టు దారి గాలిలో నిమిషములపని.

అతడు చేతిపనిలో నేర్పరి. విమానము గుండ్రముగా తిరుగుచుండగా పొడవైన త్రాటి కొనను ఒక బుట్టను వ్రేలాడదీసినయెడల, ఆ బుట్ట నడుమ ఇంచుమించు కదలక నిలుచునని కనుగొనెను. క్రింద నిలిచినవాడు చేయి చాచి దానిలోనిది తీసికొనవచ్చును. 1955 అక్టోబరు మొదలుకొని వావొరానీ అను అడవిజనులకు ఈ విధముగా కానుకలు దింపిరి. మొదటి కానుక బొత్తాములు వేసిన చిన్న అల్యూమినియము కెటిల్, తరువాత కత్తులు. కొన్ని వారములకు క్రిందివారును అదే త్రాటికి ఈకల కిరీటమును, బుట్టలో పెట్టిన చిలుకను కట్టి పైకి పంపిరి. ఇది నాకు మిక్కిలి ప్రియమైన భాగము. ఒకరి ముఖము ఒకరు సరిగా చూడని జనులు ఒక త్రాటిమీద ఇచ్చిపుచ్చుకొనిరి.

ఈ వావొరానీలను ఇరుగుపొరుగు కిచువా జనులు "ఔకా" అనిరి, అనగా అడవిమృగమువంటివారని. వారు పరదేశులను చంపుటయేగాక, తమలో తాము పగలు తీర్చుకొనుచు తగ్గిపోవుచుండిరి. 1956 జనవరి 3వ తేదీని నేట్ తన విమానమును కురారై నది యిసుకతిన్నెమీద దింపెను. జిమ్ ఎలియట్, పీట్ ఫ్లెమింగ్, ఎడ్ మెకల్లీ, రోజర్ యుడేరియన్ అనువారు అతనితో ఉండిరి. మన చేలలో కాపలాకు కట్టుకొనునట్టి మంచె ఒకటి చెట్టుమీద కట్టిరి. నది పొంగునేమో అని విమానమును రాత్రి అక్కడ ఉంచక, సాయంకాలము వెనుకకు తీసికొనిపోవుచుండిరి. శుక్రవారమున ముగ్గురు వావొరానీలు వచ్చిరి. వారిలో పురుషుడు విమానమెక్కి తన పల్లెమీదుగా ఎగిరి, క్రిందివారిని చూచి కేకలు వేసెను.

ఆదివారము, జనవరి 8న, ఆ అయిదుగురు ఈటెలచే చంపబడిరి. వారియొద్ద తుపాకులున్నవి, చంపుటకు కాల్చమని ముందే తీర్మానించుకొనియుండిరి. నేట్ చేతి గడియారము మూడు గంటల పండ్రెండు నిమిషములకు ఆగియుండెను. నాలుగున్నరకు రేడియోలో మాటాడుదునని అతడు భార్యతో చెప్పియుండెను. మరునాటి ఉదయమున జానీ కీనన్ అను పైలట్ ఎగిరి చూడగా, ఇసుకమీద విమానముండెను గాని దాని గుడ్డ యంతయు చీల్చివేయబడియుండెను. ఎముకలు మాత్రము మిగిలిన పశువువలె ఆ చట్రము నిలిచియుండెను. వెదకవచ్చినవారు నలుగురిని మంచె క్రింద పాతిపెట్టిరి. మెకల్లీ దేహమును నది కొనిపోయెను. విమానమును ఎవరును తీసికొనిపోలేదు. వరదలు వచ్చెను, ఇసుక కప్పెను, అది కనబడకపోయెను.

ఇప్పుడు నా ప్రశ్నకు వచ్చెదను. అట్టి వస్తువును వెదకి తీసి దాచుట మంచిదా?

లేఖనములు ఈ విషయమున రెండు దారులు చూపును. మన్నాను ఒక పాత్రలో పోసి రాబోవు తరములకొరకు ఉంచుడని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ కలిగెను. యొర్దానులోనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలిపిరి. పిల్లలు ఇవి ఏమని అడుగుదురని యెహోషువ ఎరుగును. ఇది ఒక దారి. మోషే చేసిన ఇత్తడి సర్పమును చూడుడి. దానిని చూచినవారు బ్రదికిరి. దానిని దాచుటలో తప్పేమున్నది? అయినను హిజ్కియా దినములకు జనులు దానికి ధూపము వేయుచుండిరి. ఆ రాజు దానిని ముక్కలు చేసెను. నిజముగా దేవుడు వాడుకొనిన వస్తువునే ముక్కలు చేసెను! మన్నా పాత్ర ఎప్పుడు ఇత్తడి సర్పమగునో ముందుగా చెప్పగలవారెవరు?

ఈ విషయమున నా అనుభవమొకటి చెప్పెదను. దానిలో నా మెప్పు ఏమియు లేదు. నేను పాస్టరునైన తొలి సంవత్సరములలో నా క్రిందనున్న ఒక గ్రామసంఘమున, ప్రభువునందు నిద్రించిన ఉపదేశిగారి సైకిలును గుడి ప్రక్కగదిలో గోడకు వ్రేలాడదీసియుండిరి. ముప్పది సంవత్సరములు ఆయన దానిమీద పల్లెలు తిరిగెను. ఏటేట ఆయన మరణదినమున దానికి పూలదండ వేయుచుండిరి. క్రొత్త ఉపదేశి మాత్రము నాలుగు మైళ్లు నడచి పల్లెకు పోవుచుండెను. దానిని దింపి అతనికిమ్మని నేను చెప్పితిని. పెద్ద గొడవయైనది. రెండు కుటుంబములవారు కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. తుదకు ఆయన విధవరాలే ఒక ఉదయమున గాలి పంపు చేతబట్టుకొని వచ్చి, "ఆయన దీనిని తుడిచి ఎరుగడు అయ్యగారూ, తొక్కినాడు" అని చెప్పి, తానే దింపించెను. నేను గెలిచితిననుకొంటిని. ఏడాదిన్నర గడవకముందే ఆ సైకిలు సంతలో దొంగల పాలాయెను. సంఘపెద్దలు నన్నేమియు అనలేదు గాని, ఆ ఆదివారమున వారి చూపు నేడును నన్ను గుచ్చుచున్నది. నేను చేసినది తప్పు అని చెప్పను. చేసిన పద్ధతిలో ప్రేమ తక్కువైనదని మాత్రము ఒప్పుకొందును.

సైకిలు తొక్కుటకు ఉన్నది, నాగలి దున్నుటకు ఉన్నది. ఇది మంచి కొలత. అయితే 5156 హెచ్ విషయమున ఈ కొలత పనికిరాదు. దానికి క్రొత్త గుడ్డ వేసినను అది ఇక ఎగురదు. మరి దానిని ఏమి చేయవలెను?

1956లోనే దానిని బయటికి తీసియుండినయెడల ఏమై యుండెడిదో ఆలోచింపుడి. ఆ అయిదుగురి మరణవార్త అప్పుడు లోకమంతట ప్రాకెను. లైఫ్ పత్రికలో ఛాయాపటములతో వచ్చెను. ఆ చీల్చబడిన చట్రమును ఏ పట్టణమున నిలిపినను జనులు దానియెదుట కన్నీరు కార్చియుందురు, నిశ్చయముగా. దానితోకూడ, దీనిని చీల్చినవారెట్టి క్రూరులో అనియు అనియుందురు. అది సాక్ష్యము కాక ఫిర్యాదు అయియుండును. నది ఆ ఫిర్యాదును తీసికొని ఇసుకలో పెట్టెను.

ఆ నడుమ జరిగినది మీలో అనేకులు వినియున్నారు. 1958లో నేట్ అక్కయైన రేచెల్ సెయింటును, జిమ్ భార్యయైన ఎలిజబెత్ ఎలియటును, ఆమె పసికూతురును పోయి ఆ జనులమధ్యనే నివసించిరి. చంపినవారిలో అనేకులు క్రీస్తును నమ్మిరి. వారిలో మింకాయే అనునతడు నేట్ కుమారుడైన స్టీవ్ పిల్లలకు తాతవంటివాడయ్యెను. అతడు 2020లో మరణించెను. కావున 1994లో ఇసుక జరిగి ఆ చట్రము బయటపడినప్పుడు, అది ఇక ఎవరిమీదను నేరము మోపజాలకపోయెను. ఇనుము మారలేదు, తుప్పు మాత్రము పట్టెను. దానిని చూచువారు మారిరి. నాగలి, ఓడ, విమానము అదేయా కాదా అని అడుగుట సులభము. మనము అదే మనుష్యులమా అని అడుగుట కష్టము.

ఆ చట్రము నేడు అమెరికాలో ఐడహో రాష్ట్రమున నాంపా పట్టణమందు, మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ కార్యస్థానములో ఉన్నది. దానిని తీసికొనిపోయినవారిని నేను నిందింపను. అది వారి సంస్థ విమానము, చనిపోయినది వారి సహోదరుడు. అయినను నా మనసులో ఒక చింత ఉన్నది, దాచను. వావొరానీలకు ఈ సంబంధమువలన పగలు తగ్గెను, రోగములును వచ్చెను. 1969లో పోలియో వారిలో కొందరిని చంపెను. తరువాత చమురు కంపెనీలు, రోడ్లు వచ్చెను. 2019లో తమ అడవిని చమురు తవ్వకములకు ఇయ్యకుండునట్లు వారు న్యాయస్థానమున పోరాడి తీర్పు పొందవలసివచ్చెను. వీటికన్నిటికి ఆ అయిదుగురు కారణమని చెప్పుట అన్యాయము. మిషనరీలు రాకపోయినను చమురువారు వచ్చియుందురు. అయితే కురారై కథను చెప్పునప్పుడు ఈ భాగమును విడిచిపెట్టుట కూడ ధూపము వేయుటయే అని నాకు తోచుచున్నది. వావొరానీ బిడ్డ ఒకడు తన ఊరి ఇసుకలో దొరికిన దానిని చూడగోరినయెడల ఎన్ని సముద్రములవతలకు పోవలెను? పిల్లలు అడుగుదురని గదా యెహోషువ రాళ్లు నిలిపినది, అదియును నదియొద్దనే.

ఒక దినపు సంగతి చెప్పి ముగించెదను. 1965 జూను మాసమున నేట్ పిల్లలైన క్యాథీ, స్టీవ్ అనువారు కురారై నదిలో, తండ్రి చనిపోయిన ఆ చోటనే బాప్తిస్మము పొందిరి. వారికి బాప్తిస్మమిచ్చినవారు కీమో, ద్యూవీ అను ఇద్దరు వావొరానీలు. ఆ ఆదివారమున ఈటెలు పట్టిన ఆరుగురిలో ఆ ఇద్దరును ఉండిరి. నీళ్లలో నిలిచిన ఆ పిల్లలకు కొంత దూరముననే, ఎక్కడనో ఇసుకలో, వారి తండ్రి విమానము పడియుండెను. అది ఎక్కడనున్నదో ఒడ్డుననున్నవారెవరును ఎరుగరు. ఆ దినమున దానిని వెదకుటకు ఎవరును పార పట్టలేదు.