పాటయు జ్ఞాపకమును

మనకు ప్రియమైన పాట నిజముగా మంచిది గనుక ప్రియమైనదా, లేక దానిని మొదట విన్న దినములు ప్రియమైనవి గనుక మంచిదిగా తోచుచున్నదా? ఈ ప్రశ్న పైకి వినోదమాత్రముగా కనబడును. కాని పాత గ్రామఫోను ప్లేట్లను కూర్చుకొనువారిని అడిగి చూడుడు. ఒక్కొక్క ప్లేటును చేత బట్టుకొని వారు రాగమును గుఱించి ఒక మాటయు, తమ్ము గుఱించి పది మాటలును చెప్పుదురు. ఇది అన్నగారి పెండ్లినాటిది. ఇది నేను పరీక్ష తప్పిననాటిది. ఇది నాయనగారు కడపట విన్నది. నేనును అట్టివారిలో ఒకడనే. కావున పరులను నిందించుటకు దీనిని వ్రాయుట లేదు.

మా తాతగారు కూర్చిన ప్లేట్లు నూటికి పైగా నాయొద్ద నున్నవి. లక్కతో ఖనిజచూర్ణమును కలిపి అచ్చొత్తిన ఆ ప్లేటు చేయి జాఱినచో పెంకువలె పగిలిపోవును. పదియంగుళముల ప్లేటు నిమిషమునకు 78 మాఱులు తిరిగి, సుమారు మూడు నిమిషములలో పాటను ముగించును. ప్రతి ప్రక్కకును క్రొత్త ఉక్కుముల్లు వేయవలెను. 1980 తరువాత, ఇంటింట టేపురికార్డులు మ్రోగుచున్న దినములలోను, తాతగారు ఆ పెట్టెను విడువలేదు. సాయంకాలము వారు అరుగుమీద కూర్చుండి కీ ఇచ్చుచుండగా, ముండ్ల డబ్బీ పట్టుకొని ప్రక్కన నిలుచుట నా యుద్యోగము.

ఆ ప్లేట్లలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఒక స్త్రీ పాడిన త్యాగరాజకృతి. నడిమి కాగితమును చెదలు తినివేయుటచే పాడినదెవరో తెలియదు. ఆ పాట వినబడినంతనే నాకు తడిపిన వాకిటి వాసనయు, తాతగారి చేతి వ్రేళ్లు మోకాలిపై తాళము వేయుటయు మనస్సున మెదలును. లోకములో అంతకంటె నిర్దోషమైన జ్ఞాపకము మఱియొకటి లేదని చిరకాలము నమ్మియుంటిని.

తాతగారు పోయిన పదియేండ్లకు, 2004లో, చెడియున్న ఆ పెట్టెను బాగుచేయించితిని. సంతోషించునని తలచి మా మామ్మను పిలిచి ఆ ప్లేటునే ముందుగా పెట్టితిని. పల్లవి ముగియకమునుపే ఆమె, "ఆపు నాయనా, అది వింటే నాకు వంటింటి గోడే కనిపిస్తుంది" అనెను.

పదునైదవయేట ఆమె ఆ యింటికి కోడలుగా వచ్చెను. తల్లివద్ద నాలుగు కృతులు నేర్చినది, స్వరజ్ఞానము గలది. అరుగుమీద ప్లేటు మ్రోగుచుండగా లోపల పిండి రుబ్బుచు తానును గొంతు కలిపెను. బయట పెద్దమనుష్యులు కూర్చుండియుండిరి. తాతగారు లోనికి వచ్చి, కోపపడకయే, "ఇంటి ఆడవాళ్లు పాడే పాట కాదిది" అని చెప్పి, మఱల వెళ్లి ఆ పాటకే కీ ఇచ్చిరి. నాటినుండి అరువదియేండ్లకు పైగా ఆమె మంగళహారతులును పెండ్లిపాటలును తప్ప మఱేమియు పాడలేదు.

తాతగారు క్రూరులు కారు. కూతుండ్రను చదివించిరి. వితంతూద్వాహములకు వెళ్లి భోజనము చేసిరి. తమ బిడ్డల పెండ్లిండ్లలో భోగముమేళము కూడదని బంధువులతో తగవులాడిరి. ఆలోచింపవలసిన విషయ మిచ్చటనే యున్నది. పందొమ్మిదవ శతాబ్దాంతమున వీరేశలింగము పంతులుగారు మొదలగువారు భోగముమేళముల నెదిరించినది న్యాయమే. బాలికలను దేవాలయముల కర్పించుటను నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున శాసనము వచ్చుటయు న్యాయమే. కాని దురాచారముపై కలిగిన ఏవగింపు, అందు చిక్కిన స్త్రీలమీదికిని, వారి విద్యమీదికిని ప్రాకెను. ఆ సమయముననే గ్రామఫోను వచ్చెను. 1902లో కలకత్తాయందు పాడిన గౌహర్‌జాన్ పాట చివర తన పేరును తానే ఇంగ్లీషున ప్రకటించెను. ప్లేట్లను అచ్చొత్తెడి జర్మనీవారికి గాయని యెవరో తెలియవలెను గదా! ఈ యంత్రము మర్యాదస్థులకు గొప్ప సౌకర్యమును కలిగించెను. కంఠము ఇంటిలోనికి రావచ్చును. కంఠము గల మనిషి గుమ్మము దాటనక్కఱలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు దేవదాసీ కులమున జన్మించినవారే. ఆమె ధనము అచట పనికివచ్చెను గాని, ఆరాధనోత్సవమున స్త్రీలు పాడుటకై ఆమె పోరాడవలసివచ్చెను.

కాళిదాసుని శాకుంతలమున పంచమాంకము నిచ్చట స్మరింపదగును. హంసపదిక తెర వెనుక పాడును. తన్ను మఱచిన రాజునకు అది ఎత్తిపొడుపు. దుష్యంతుడు రాగమును మెచ్చును, ఎత్తిపొడుపును గ్రహించును, నవ్వును. సమాధానపఱచుటకు విదూషకుని పంపును. పిమ్మట, ఇంపైన ధ్వనులు విన్నపుడు సుఖియైనవానికి సైతము జన్మాంతరస్నేహములు మనస్సున మెదలును గాబోలునని తన దిగులును గుఱించి చింతించును. ఆ శ్లోకమును నేను ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠము చెప్పుచున్నాను. కాని పాడిన స్త్రీ యొద్దకు రాజు స్వయముగా పోలేదన్న మాట మామ్మ కథ విన్న తరువాతనే నాకు తట్టినది.

అభినవగుప్తులవారు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను చెప్పిరి. తన సొంత సుఖదుఃఖములకు వశుడైపోవుట వానిలో నొకటి. మనము ప్లేట్లపై పెంచుకొను మమకార మీ విఘ్నమేమో విచారింపవలెను. ఆ పాటలో నేను విన్నది గాయనిని కాదు, త్యాగరాజును కాదు. ముండ్ల డబ్బీ పట్టుకొన్న నన్ను నేనే వినుచుంటిని.

అట్లైనచో తీయని జ్ఞాపకములను త్రవ్వి చేదు చేసికొనుటవలన లాభమేమి, గతించిన తాతను దోషిని చేయుట పాపము గాదా యని కొంద ఱడుగుదురు. నేను నా జ్ఞాపకమును విడువలేదు. అది అసత్యము గాదు, సగము సత్యము. ఒకే ప్లేటు అరుగుమీద నొకటి, వంటయింట నొకటి వ్రాసియుంచెను. అరుగుమీదిది మాత్రమే కుటుంబచరిత్రగా నిలిచి, రెండవది ఆమెతోనే పోయినయెడల, నా ప్రీతి అన్యాయమునకు తాళము వేయుటయే యగును. పెద్దలయందలి భక్తి వారి తప్పును దాచుటలో లేదు; దానిని తిరిగి చేయకుండుటలో నున్నది.

ఆనాడు ప్లేటును ఆపిన పిమ్మట మామ్మ కొంతసేపు ఊరకుండి, తానే ఆ కృతి నెత్తుకొనెను. కంఠము వణకుచుండెను. మూడు నిమిషములలో ఇమిడించుటకై ప్లేటున విడిచిన ఒక చరణమును గూడ పాడెను. అట్టి చరణ మున్నదని అంతవఱకు నే నెఱుగను.

ఇప్పుడు మా అమ్మాయి సంగీతము నేర్చుకొనుచున్నది. ఆ ప్లేటు పెట్టునపుడెల్ల ఆమెకు రెండు కథలును చెప్పుదును. పేరు తెలియని ఆ గాయనిని గుఱించియు చెప్పుదును. విడిచిన చరణమును మా అమ్మాయి పాడును. చదువరులును తమకు ప్రియమైన పాటను ఈసారి విన్నపుడు, ఆనాడు అదే పాట లోపలి గదిలో ఎవరికి ఎట్లు వినబడెనో అడిగి తెలిసికొందురు గాక. అడుగుటకు వారింకను ఇంటిలో నున్నపుడే.