అఱలో వెలసిన శారద

జూలై 1వ తేదీ వచ్చుసరికి మాంట్రియల్ నగరమున ఏ వీథి చూచినను మంచములు, బీరువాలు, పుస్తకపు పెట్టెలు ఇంటినుండి ఇంటికి తరలుచుండును. అద్దె ఒడంబడికలు జూన్ 30తో ముగియుట యిచ్చటి పరిపాటి. అట్లు మేము ఇల్లు మాఱి వేసవి గడచినను, పిల్లల రంగుల పెన్సిళ్లు, కత్తెరలు, జిగురుసీసాలు ఒక అట్టపెట్టెలోను, అత్తగారిచ్చిన భాగవతము వేఱొక పెట్టెలోను, నా కుట్టుసూదులు, ఊలుండలు మఱొకదానిలోను పడియుండెను. నవరాత్రులు సమీపించిన పిదపగాని వానిని విప్పు బుద్ధి పుట్టలేదు.

వానిని సర్దుటకు అలమరను ఎచ్చట నిలుపుదునా యని చూచితిని. ఇచ్చటి పెక్కిండ్లలో విద్యుత్ హీటర్లు గోడల యడుగున, తఱచుగా కిటికీల క్రింద, పొడవున అమర్చియుండును గాన వానికి ఆనించి అలమర నిలుపరాదు. వెలిగోడకు చేర్చినచో, చలికాలమున ఆ గోడ చల్లబడి, వెనుక తేమ చేరి, పుస్తకములకు బూజు పట్టును. గదిలోని గాలి ఎండిపోవుటచే పొనికికఱ్ఱతో చెక్కిన కొండపల్లి బొమ్మ సైతము బీటలు వాఱవచ్చును. లోపలిగోడయే శరణ్యము. తాటాకు గ్రంథములను చెక్కపలకల నడుమ కట్టి, గుడ్డలో చుట్టి, తరతరములు కాపాడిన మన పెద్దల యోపిక అలమరకు చోటు వెదకునపుడు నాకు కొంత బోధపడెను.

మూలా నక్షత్రమున శారదను పుస్తకములయందు ఆవాహన చేయు మనమే, మహానవమినాడు సాలెవాని మగ్గమునకును వడ్రంగి బాడిసకును పసుపుకుంకుమలు పెట్టుదుము. అక్షరమును పనిముట్టును ఒకే పండుగలో నిలిపిన సంప్రదాయము మనదై యుండగా, పుస్తకమును అద్దముల వెనుకను కత్తెరను అట్టపెట్టెలోను ఉంచుట నాకు అపచారముగనే తోచినది. పూర్వము ఐరోపాలో గ్రంథములను గొలుసులతో కట్టియుంచుటను తలపోసిన గ్రంథాలయశాస్త్రజ్ఞులు రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన తమ పంచసూత్రములలో, గ్రంథములు వినియోగమునకే యనుమాటను మొదట నిలిపిరి. కావున భాగవతమును పిల్లల బొమ్మల పుస్తకములను పిల్ల చేయి అందు అఱలోనే యుంచి, ప్రక్కనే రంగులను, కాగితములను, దారములను అమర్చితిని. సూదులు, పదునైన కత్తెర మాత్రము పైయఱకు చేరినవి. పతంజలి అపరిగ్రహమును యమములందును శౌచమును నియమములందును చేర్చెను గాని, ఎండిన రంగుగొట్టములను పాఱవేయుచు దుమ్ము తుడుచు వేళ ఆ రెండును ఒక్క గుడ్డపీలికతోనే సాగినవి.

విజయదశమినాడు పూజాపీఠముపైనుండి భాగవతమును దింపగా, పుటల నడుమనుండి ఎఱ్ఱని మేపుల్ ఆకొకటి జాఱిపడెను. తన చిన్ననాడు పుస్తకములో నెమలికన్ను దాచి, మేతవేసి, అది పిల్లలు పెట్టునని కాచుకొనియుంటినని నానమ్మ చెప్పగా విన్న మా చిన్నది, ఆ యాకును భద్రముగా మరల లోపల నుంచి, "అమ్మా, దీనికేమి మేత వేయవలె?" నని యడిగినది.